వాన చాలక కాదు

పుదుచ్చేరిలో ఏడాదికి సగటున 1,300 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అనంతపురంలో పడేది 550 అటూఇటూ, అదీ కాలం కలిసొస్తే. నవంబరులో వాయుగుండం పట్టిందంటే నటేశన్ నగర్ లాంటి పట్టణపు పేటల్లో నీళ్లను ఎటు పంపాలన్నదే జనానికి సమస్య. అలాంటిది, అక్కణ్నుంచి ఉత్తరంగా ఓ పది కిలోమీటర్లు వెళితే తగిలే ఎర్రమట్టి మెరక మీద, 1960ల చివర్లో, మిట్టమధ్యాహ్నం నిలబడటానికి నీడ దొరకడమే గగనం. అక్కడక్కడ తాటిచెట్లు, జీడిమామిడి తోపులు, ఎక్కడో ఓ మర్రి. మిగతాదంతా గులకరాళ్లు పైకి తేలిన బోడినేల. రెండింతలకు పైగా వాన పడే చోట నేల అనంతపురం గుట్టల కంటే హీనంగా ఎలా తయారైంది?

వాన లేక ఎడారి పుడుతుందన్నది మనలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం. 1994లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ ఒప్పందం చెప్పేది వేరు. ఎడారీకరణ అంటే థార్ ఇసుక మెల్లగా జరుగుతూ మన ఊరి దాకా రావడం కాదు. మెట్ట ప్రాంతాల్లో ఉన్నచోటనే నేల తన సత్తువ పోగొట్టుకోవడం. ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన అట్లాసు ప్రకారం 2018-19 నాటికి మన దేశంలో 9.78 కోట్ల హెక్టార్ల నేల క్షీణించింది. దేశ విస్తీర్ణంలో దాదాపు 30 శాతం. ఈ నష్టానికి కారణాల పట్టికలో మొదటి స్థానం గాలికి దక్కలేదు, నీటికోతకు దక్కింది. పచ్చదనం నశించడం రెండోది. గాలికోత ఆ తర్వాతే. అంటే మన దేశంలో మిగతా కారణాలన్నింటి కంటే ఎక్కువ నేలను పాడు చేసింది వానే.

అదెలాగో తెలియాలంటే ఒక్క చినుకును పట్టుకుంటే చాలు. అయిదు మిల్లీమీటర్ల పెద్ద చినుకు నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు తొమ్మిది మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల పైమాటే. చెట్టు ఆకు మీదో, రాలిన చెత్త మీదో పడితే ఆ ఊపు అక్కడే చచ్చిపోతుంది. నీరు నెమ్మదిగా జారి మట్టిలోకి ఇంకుతుంది. బోడినేల మీద పడితే మట్టి రేణువులు చెదిరి రెండడుగుల ఎత్తు దాకా ఎగురుతాయి. అలా ఎగిరిన సన్నరేణువులు తిరిగి పడుతూ నేలలోని సూక్ష్మరంధ్రాలను పూడ్చేస్తాయి. కొద్ది నిమిషాల్లో పైపొర పేడతో అలికిన వాకిలిలా బిగుసుకుపోతుంది. ఇక ఎంత వాన పడ్డా ఇంకేది కొంచెమే, పారేదే ఎక్కువ. వేళ్ల లోతున నేల పొడిగానే ఉంటుంది. అంటే మొక్క లెక్కలో అక్కడ వాన పడనట్టే.

పారే నీటికి ఇంకో గుణం ఉంది. ప్రవాహ వేగం రెట్టింపైతే అది దొర్లించగలిగే రాయి బరువు రెండింతలు కాదు, 64 రెట్లవుతుంది. బ్రిటిష్ గణితవేత్త విలియం హాప్కిన్స్ పందొమ్మిదో శతాబ్దంలోనే తేల్చిన సూత్రమిది. వాలు మీద వేలెడంత సన్నని చాలు రెండు మూడు వర్షాకాలాలకు మనిషి దిగేంత గాడి అవుతుంది. గాడి తన తలను తానే కోసుకుంటూ ఎగువకు పాకుతుంది. పుదుచ్చేరి మెరక సముద్రమట్టానికి యాభై మీటర్ల ఎత్తు. సముద్రం చూస్తే ఆ పక్కనే. ఆ కొద్దిపాటి దూరంలో యాభై మీటర్లు దిగాలి గనక నీరు పరుగు తీసింది. లోయల్లాంటి గాడులు పడ్డాయి. పెద్దవానకు బంగాళాఖాతం ఒడ్డు పొడవునా ఎర్రబారేది. పైమట్టి ఒక్క సెంటీమీటరు తయారు కావడానికి వందేళ్లు, అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. సముద్రంలో కలవడానికి ఒక్క తుపాను చాలు.

ఈ నేలకు చెట్టు కొత్త కాదు. పుదుచ్చేరికి వాయవ్యంగా ఉన్న తిరువక్కరైలో రాయిగా మారిన మహావృక్షాల మొద్దులు, ఈ మెరక కింద ఉన్న కడలూరు ఇసుకరాళ్లలోనే, పడి ఉన్నాయి. వాటి వయసు సుమారు రెండు కోట్ల ఏళ్లు. ఫ్రెంచి యాత్రికుడు, ప్రకృతి శాస్త్రవేత్త సొన్నెరా 1781లోనే వాటి గురించి రాశాడు. అంత వెనక్కి పోనక్కర్లేదు, కొన్ని శతాబ్దాల కింద కూడా ఈ తీరమంతా పొడి సతతహరిత అడవి ఉండేది. ఎండాకాలంలోనూ ఆకు రాల్చని, పొట్టి, చిక్కటి అడవి. వంటచెరకుకూ కలపకూ సాగుకూ అది కరిగిపోయింది. ఆ తర్వాత మేకలు చిగురు లేవనివ్వలేదు.

ఆ చుట్టుపక్కలే ఉన్న ఇరుంబై గ్రామస్తులు చెప్పే కథ వేరు. కడువెళి సిద్ధర్ అనే యోగి శివాలయ ఉత్సవంలో నాట్యం చేస్తున్న వల్లి అనే నర్తకి కాలి అందె జారిపడితే తీసి తొడిగాడట. జనం నవ్వారు. ఆయన శపించాడు, లింగం మూడు ముక్కలైంది, నేల ఎడారైంది. రాజు కాళ్ల మీద పడితే, దూరదేశాల నుంచి మనుషులు వచ్చి మళ్లీ పచ్చగా చేస్తారని ఊరట ఇచ్చాడు. ఆ చివరి ముక్క కథలో ఎప్పుడు చేరి ఉంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. కానీ మొదటి ముక్కలో ఒక నిజం ఉంది: ఈ నేల ఒకప్పుడు ఇలా లేదనీ, మనుషుల పనివల్లే ఇలా అయిందనీ ఊరివాళ్లకు గుర్తుంది.

దూరదేశాల మనుషులు నిజంగానే వచ్చారు. అరవింద ఆశ్రమపు శ్రీమాత మిరా అల్ఫాసా సంకల్పించిన ఆరోవిల్ అనే కొత్త ఊరికి 1968 ఫిబ్రవరి 28న ప్రారంభోత్సవం జరిగింది. 124 దేశాల నుంచీ, మన రాష్ట్రాలన్నింటి నుంచీ తెచ్చిన పిడికెడేసి మట్టిని ఒక పాలరాతి పాత్రలో పోశారు. ఏటా తన సొంత మట్టినే టన్నుల లెక్కన సముద్రానికి ఒప్పజెబుతున్న మెరక మీద ఈ తంతు జరిగింది. అది గమనించి నవ్వుకున్నవాళ్లు ఆరోజు ఎంతమందో గానీ, అక్కడ కాపురం పెట్టినవాళ్లకు మొదటి వేసవిలోనే ఆ సంగతి అర్థమై ఉంటుంది. ఊరు కట్టడం తర్వాత, ముందు నేల నిలబడాలి.

మొక్కలు నాటడంతో పని మొదలైందనుకుంటాం. నీళ్లు మోసి పోసి మొక్కలు పెంచే ప్రయత్నం ముందు జరిగిన మాట నిజమే. కానీ పైమట్టి పోయిన చోట నాటింది నాటినట్టే ఎండిపోతుంది, లేదా తొలకరికి కొట్టుకుపోతుంది. చివరికి పనికొచ్చింది మన రైతులకు తరతరాలుగా తెలిసిన గట్టే. దాని పనితనం దగ్గర్నుంచి చూడాల్సిందే. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి ఇద్దరు పట్టుకుంటారు. ఒకరు కదలకుండా నిలబడతారు. రెండోవాళ్లు గొట్టంలో నీరు మొదటి కర్ర గీతకు సమానమయ్యే దాకా వాలు మీద ముందుకో వెనక్కో జరుగుతారు. సరిపోయిన చోట ముగ్గుతో గుర్తు. అక్కణ్నుంచి మళ్లీ. అలా గుర్తులన్నీ కలిపితే వంకరటింకరగా, కొండచిలువ పడుకున్నట్టు, ఒకే ఎత్తున సాగే గీత వస్తుంది. ఆ గీత వెంట కందకం తవ్వి, మట్టిని దిగువ పక్కన పోసి తొక్కుతారు. గట్టు మోకాలెత్తో నడుమెత్తో ఉంటే చాలు. అసలు కిటుకు ఎత్తులో లేదు, మట్టంలో ఉంది. గీత ఒకచోట రెండంగుళాలు దిగిందంటే నీరంతా అక్కడికే చేరి గట్టును తెంచి, గట్టు లేకపోతే జరిగేదానికంటే పెద్ద గండి కొడుతుంది. అందుకే పొంగిన నీరు పోవడానికి రాళ్లు పరిచిన చిన్న అలుగు ఒకటి వదులుతారు. గట్టు మీద గడ్డి పట్టిస్తారు. గాడుల్లో అడ్డంగా రాతికట్టలు వేస్తారు. హాప్కిన్స్ సూత్రం ఇక్కడ తిరగబడి మనకు మేలు చేస్తుంది: వేగం సగమైతే నీరు దొర్లించగలిగే రాయి బరువు 64వ వంతుకు పడిపోతుంది. మోసుకొస్తున్న మట్టిని అక్కడే దించేసి తేటనీరు ముందుకు పోతుంది. దిగిన మట్టిలో తేమ, ఆ తేమలో గడ్డి, గడ్డి కింద చెద, వానపాము. ఆ వరసలో చెట్టు చివర్న వస్తుంది.

ఆ చెట్టు కూడా మొదట స్థానికమైనది కాదు. ఆస్ట్రేలియా తుమ్మ జాతి, అకేషియా ఆరిక్యులిఫార్మిస్, పనిచెట్టుగా ఎంచుకున్నారు. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో మట్టికి చేర్చగలదు. నిస్సారమైన గులకనేలలోనూ బతుకుతుంది, దట్టంగా ఆకు రాలుస్తుంది, మేక దాని జోలికి పెద్దగా పోదు. దాని నీడలో పాల, అల్లి, అడవినిమ్మ, తుమికి జాతికి చెందిన నల్లచేవ చెట్టు వంటి అసలైన తీరపు అడవి జాతులను పెంచారు. వాటి గింజలు ఎక్కడివి? దేవుడి అడవుల్లోవి. ఈ తీరం వెంట అయ్యనార్ గుళ్ల చుట్టూ, కొమ్మ విరిస్తే కీడని భయపడి జనం వదిలేసిన తోపులు కొన్ని మిగిలాయి. పుత్తుపట్టు దగ్గర ఉన్నది వాటిలో బాగా పేరున్నది. 1955లో పుదుచ్చేరిలో ఏర్పడిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వృక్షశాస్త్రజ్ఞులు ఈ అడవి జాతులను నమోదు చేసిపెట్టడం కూడా అక్కరకొచ్చింది. శాపం కథను నేను నమ్మను గానీ, భయం కాపాడిన ఆ గింజలు లేకుంటే ఈ రోజు ఆరోవిల్‌లో ఉండేది ఆస్ట్రేలియా తుమ్మతోపు ఒక్కటే అయ్యేది.

ఆ తోపు బలహీనత కూడా బయటపడింది. 2011 డిసెంబరు 30 తెల్లవారుజామున పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటిన థానే తుపానుకు పనిచెట్లు విపరీతంగా కూలాయి. అవి దీర్ఘాయుష్షు గలవి కావు, కొయ్య పెళుసు. కింద నెమ్మదిగా ఎదుగుతున్న దేశవాళీ చెట్లు మాత్రం చాలావరకు తట్టుకున్నాయి. పెద్దచెట్టు పడి వెలుతురు దొరకడంతో కొన్నిచోట్ల అవే పైకి లేచాయి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఆరోవిల్ అడవిని సమష్టి కృషి అని రాసేస్తుంటారు. ఎవరి సమష్టి? భూమి డబ్బు పెట్టి కొన్నది. కంచె వేయగలిగారు. గట్టు ఎక్కడ పోయాలో నిర్ణయించినవాళ్లు కొత్తవాళ్లు. పార పట్టినవాళ్లలో ఎక్కువమంది కుయిలాపాళయం, ఎడయంచావడి, కోటకరై వంటి ఊళ్ల ఆడవాళ్లూ మగవాళ్లూ, రోజుకూలీకి. కంచె పడగానే వాళ్ల మేకలకు దారి మూసుకుపోయింది కూడా. పని గొప్పదే, కాదనలేం. కానీ అలాంటి పనిని డబ్బూ కంచె లేని ఊరు ఎలా చేస్తుందన్న ప్రశ్నకు అక్కడ పూర్తి జవాబు దొరకదు. ఆరోవిల్ వాళ్లకూ ఇది తెలియకపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో చుట్టుపక్కల ఊళ్ల రైతుల పొలాల్లో గట్లు, చెరువుల పూడికతీత, మహిళా సంఘాలతో చెరువుల నిర్వహణ వంటి పనులకు దిగారు.

ఎందుకంటే నీళ్లు కంచెను పట్టించుకోవు. మెరక మీద ఇంకించినదాన్ని పల్లంలో బోర్లు లాగేస్తాయి. తమిళనాడులో వ్యవసాయ మోటార్లకు కరెంటు ఉచితం, చెరకు, వరి నీళ్లు తాగే పంటలు. తీరం దగ్గర భూగర్భ జలమట్టం సముద్రమట్టం కంటే కిందికి పోతే ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది. పుదుచ్చేరి పట్టణం తాగేది కూడా ప్రధానంగా భూగర్భ జలమే. నటేశన్ నగర్ కుళాయికి నీరు రావడం పడమటి పక్క చెరువులు నిండటం మీదా, ఎండటం మీదా ఎంతగా ఆధారపడి ఉందో పట్టణవాసులకు పెద్దగా గుర్తుండదు. గుర్తుచేసే కట్టడం మాత్రం భారతీ పార్కు నడుమనే ఉంది. ఆయి మండపం. కథలో మన శ్రీకృష్ణదేవరాయలే పాత్రధారి. ఆయి అనే వేశ్య ఇంటిని గుడి అనుకుని దండం పెట్టిన రాయలు, సంగతి తెలిసి సిగ్గుపడి ఇల్లు కూల్చమన్నాడట. ఆ పని నేనే చేసుకుంటానని వేడుకుని, ఆమె ఇల్లు తీసేసి అదే చోట చెరువు తవ్వించిందట. ముత్తిరపాళయం నుంచి పట్టణానికి నీరు తెచ్చాక, మూడో నెపోలియన్ కాలంలో, ఆమె పేరున మండపం కట్టించారు.

కంచె లేని జవాబు కోసం ఉమ్మడి అనంతపురం జిల్లాకు పోవాలి. అక్కడ రెండు రకాల ఎడారులున్నాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి, మనవాళ్లు హగరి అనేది, ఎండిన ఏటి ఇసుకను గాలికి వదిలేస్తుంది. దర్గా హొన్నూరు పరిసరాల్లో ఇసుకదిబ్బలు పొలాల్లోకి నడిచి వస్తాయి. ఇది గాలికోత, పత్రికల్లో ఫోటోలకెక్కేది ఇదే. రెండోది పుదుచ్చేరి మెరక లాంటిదే, అంత కంటికి ఆననిది: బోడిగుట్టలు, పూడిన వంకలు, మరవ పారడం మరిచిపోయిన చెరువులు. 1990 ప్రాంతంలో మేరీ వట్టమట్టం, చొయిత్రేశ్ కుమార్ గంగూలీ, మరికొందరు మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఆ బీడు పచ్చబడటం చూసి ముష్టికోవెల గ్రామస్తులు తమ గుట్టలకూ అలా చేద్దామన్నారు. అలా 1990ల తొలి ఏళ్లలో మొదలైంది కల్పవల్లి అనే ఉమ్మడి అడవి. చుట్టూ ఉన్న ఊళ్లు ఒక్కొక్కటే చేరి, ఇప్పుడది చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతాల్లో సుమారు 9 వేల ఎకరాలు. ఊళ్లవాళ్లే సభ్యులుగా ఒక పరస్పర సహాయ సహకార సంఘం దాన్ని చూస్తుంది.

అక్కడ చేసిన ప్రధానమైన పని నాటడం కాదు, కాల్చకుండా ఆపడం. ఎండాకాలంలో గుట్ట మీద ఎండుగడ్డికి అగ్గి పెట్టడం గొర్రెల కాపరులకు అలవాటు. నిప్పు పెడితేనే కదన్నా లేతగడ్డి మొలిచేది, అంటారు. తప్పేమీ కాదు, మొలుస్తుంది. తొలివాన తర్వాత వచ్చే ఆ చిగురులో పశువుకు బలం ఉంటుంది. కానీ అదే మంటలో ఆ ఏడు మొలిచిన చెట్టుపిల్లలన్నీ మాడిపోతాయి, నేల మీది చెత్త బూడిదవుతుంది, తొలకరి చినుకు మళ్లీ బోడినేలను కొడుతుంది. సంఘం గుట్టల మీద కాపలా మనుషులను పెట్టింది. వేసవికి ముందే గడ్డిని వరసగా తీసేసి మంట దాటలేని బాటలు చేసింది. పచ్చిచెట్టు మీద గొడ్డలి వేయకూడదన్నది కట్టుబాటు. మేపు మాత్రం ఆపలేదు. అక్కడే దీనికీ ఆరోవిల్‌కూ తేడా. మేత దొరుకుతుందన్న నమ్మకం ఉన్నందుకే కాపరి తానే కాపలాదారుడయ్యాడు. కరువు ఏళ్లలో దూరపు మండలాల మందలు కూడా ఇక్కడికే వస్తాయి.

గుట్ట మీద చెట్టు లేచాక వంకల్లో నీరు నాలుగునాళ్లు ఎక్కువ నిలిచింది. వంక గట్ల వెంట ఈత చెట్లు పుట్టుకొచ్చాయి. ఈత అంటే గీతకార్మికుడికి కల్లు, మిగతావాళ్లకు చాపలు, చీపుర్లు. ఇంటి కప్పుకు పనికొచ్చే బోదగడ్డి తిరిగొచ్చింది. కృష్ణజింకలు, తోడేళ్లు, చిరుతలు కూడా. తోడేలు వచ్చినందుకు గొర్రెల కాపరి సంతోషించడు, అది వేరే సంగతి.

నాటకుండా అడవి ఎలా వచ్చింది? కొట్టిన చెట్టు చచ్చినట్టు కాదు. మొదలు నేలలోనే ఉంటుంది, వేరు లోతుగా తేమలో ఉంటుంది. ఏటా చిగురు వేస్తుంది, ఏటా మేకో మంటో తినేస్తుంది. ఆ రెండూ కొన్నేళ్లు ఆగితే పెద్దచెట్టు వేరువ్యవస్థ ఉన్న చిగురు, నర్సరీ మొక్క కంటే ఎన్నో రెట్లు వేగంగా లేస్తుంది. పశ్చిమాఫ్రికా నైజర్‌లో వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1980ల్లో కనిపెట్టిందీ ఇదే. నాటిన మొక్కలు చస్తుంటే విసిగి, పొలాల్లో పొదలనుకుంటున్నవి నరికిన చెట్ల మోళ్లేనని గుర్తించి, ఒకటి రెండు కొమ్మలుంచి మిగతావి కత్తిరించమని రైతులకు చెప్పాడు. ఆ పద్ధతి అక్కడ దాదాపు 50 లక్షల హెక్టార్లకు పాకింది. మన దగ్గర మొక్కలు నాటే వారోత్సవాల ఖర్చులో కొంత ఎండాకాలపు కాపలాకు పెట్టి ఉంటే మన గుట్టలు ఈపాటికి ఎలా ఉండేవో అనిపిస్తుంది. కాపలాకు ఫోటో ఉండదు గనక పెట్టరు.

ఇంతకంటే గట్టి చిక్కు నేల బాగుపడ్డాక వస్తుంది. బోడిగా ఉన్నన్నాళ్లూ ఆ నేల ఎవరికీ పట్టదు. కల్పవల్లి గుట్టలు రెవెన్యూ లెక్కల్లో ప్రభుత్వ బంజరు. ఇరవై ఏళ్లు కాపలా కాసినా, ఈత తోపులు లేచినా, చిరుత తిరిగినా దస్తరంలో అది బంజరే. 2010 తర్వాత ఆ గుట్టల్లోని నల్లకొండ మీద గాలిమరల ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆ మాటే ప్రాణం మీదికి తెచ్చింది. గాలిమర కాలుష్యం లేని కరెంటు, వద్దనడం కష్టం. కానీ ఒక్కో మరను పైకి చేర్చడానికి గుట్ట కొసను కోసి, పెద్ద ట్రెయిలర్లు తిరిగే రోడ్డు వేయాలి. కోసిన వాలు మీది మట్టి వానకు జారి వంకల్లోకి, అక్కణ్నుంచి చెరువుల్లోకి దిగింది. ఈ అధ్యాయం మొదట్లో చెప్పుకున్న కోతే, ఈసారి పచ్చకరెంటు పేరున. టింబక్టు వాళ్లు 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు.

కొన్న నేల మీద, చట్టం రక్షణలో ఉన్న ఆరోవిల్‌కూ ఈ బెడద తప్పలేదు. 1988 చట్టంతో ఏర్పడిన ఆరోవిల్ ఫౌండేషన్, పాత నగర పటంలోని వలయ రహదారి కోసం 2021 డిసెంబరులో బుల్‌డోజర్లు దింపింది. పెంచినవాళ్లలోనే కొందరు నగరం కట్టాల్సిందేనన్నారు, కొందరు చెట్లకు అడ్డం నిలబడ్డారు. 2022 ఏప్రిల్‌లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతి తీసుకోమంది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, ఈ వ్యవహారం ట్రిబ్యునల్ పరిధిలోకి రాదంది. మనుషులు పెంచిన అడవికి చట్టంలో అడవి హోదా దానంతటది రాదు.

ఊరుమ్మడి భూముల విషయంలో అదే సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టి తీర్పు ఇచ్చింది. ఆక్రమించిన ఊరుమ్మడి చెరువులు, మేతబీళ్లు ఖాళీ చేయించి గ్రామానికి తిరిగి అప్పగించే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. అది పోయినవి తిరిగి రప్పించడానికి పనికొస్తుంది. బంజరని రాసి ఉన్న గుట్టను ముప్పై ఏళ్లు మేపుతూ, కాపు కాస్తూ తిరిగి బతికించిన ఊరికి ఆ గుట్ట మీద ఏ హక్కు రాసివ్వాలన్నది మాత్రం అందులో లేదు. ఆ కాలమ్ ఇప్పటికీ అడంగల్‌లో ఖాళీగానే ఉంది, కాపలా మనుషులు ఫిబ్రవరి రాగానే మళ్లీ గుట్ట ఎక్కుతున్నారు.